వృత్తి అనే గడి

హన్మకొండ కోర్టు ప్రహరీ పక్కన
రేకుల కింద నా టైపు మిషను.
ఇప్పుడు కంప్యూటరు. కుర్చీ మాత్రం అదే,
ఒక కాలికి ఇటుక ముక్క.

చిందం సారంగపాణి మొదటిసారి వచ్చినప్పుడు
చొక్కా జేబు మీద నీలం మరక.
సిరా అనుకున్న.
అద్దకం రంగు.
కొత్తవాడ తివాచీల సంఘంల డైరెక్టరు,
కార్పొరేటరుకు నామినేషను,
గడువు మూడింటికి. అప్పటికే ఒంటిగంట దాటింది.

తండ్రి పేరు రాజమౌళి, మిల్లు కార్మికుడు.
మిల్లు మూతబడ్డంక ఏమని రాయాలో
ఇద్దరికీ తెల్వలే, అట్లనే ఉంచినం.
చదువు: ఇంటరు, ఫెయిలు.
'పాసైన్నని రాస్తే
మా లెక్కల సారే వచ్చి నవ్వుతడు.'

కేసులు నాలుగు.
కాజీపేటల రైలు ఆపినందుకు ఒకటి,
నూలు ధర తగ్గించమని
కలెక్టరాఫీసు గేటెక్కినందుకు ఒకటి,
మిగతా రెండు ఆయనకే యాదికి లేవు.
'అవి జర దట్టంగ కొట్టు చెల్లె' అన్నడు,
పెండ్లిల నగలు చూపించినట్టు.

ఆస్తులు: గుంటమగ్గాలు రెండు, లూనా ఒకటి.
వృత్తి: నేత.

నోటరీ నరహరి సారు అద్దాలు పైకి జరిపి
'ఏ నేతవయ్యా?' అన్నడు.
ముగ్గురం నవ్వినం.
చాయ్ తెప్పించిండు. పైసలు నేనిచ్చిన.

తర్వాత ఆయనను అయిదేండ్లకొకసారి చూసిన,
కాగితం మీద.
ఒకసారి, వృత్తి: సామాజిక సేవ.
ఆ ఏడు ఎమ్మెల్యే అయిండు.
ఇంకోసారి, జెండా మారింది, వృత్తి: వ్యవసాయం.
ధర్మసాగర్ అవతల పదకొండెకరాలు,
భార్య పేరు మీద కంకర మిషన్ల సగం వాటా.
ఆ కాగితం పీఏ తెచ్చిండు.
'రైలు కేసు తీసెయ్, కొట్టేసిన్రు' అన్నడు.
ఆ గడిల 'లేవు' అని కొడుతుంటే
ఎందుకో వేలు ఆగింది.

మధ్యల ఆయన మాటలు పేపర్ల చదివిన.
చేతిమగ్గం మన ఊపిరి అన్నడు.
మరమగ్గం రాక తప్పదన్నడు.
బట్టల పార్కుకు భూమియ్యమన్న రైతులతోటి
చాప మీద కూసున్నడు,
మూడేండ్లకు అదే పార్కుల కొబ్బరికాయ కొట్టిండు.
అద్దకం నీళ్ల మీద అసెంబ్లీల
కాగితం చూడకుండ పదకొండు నిమిషాలు మాట్లాడిండు,
వినవలసిన మాటలే.
మా గల్లీ మోరి ఇప్పటికీ
ఒకరోజు ఎర్రగ, ఒకరోజు పచ్చగ పారుతది.
మోరిని చూసి చెప్పొచ్చు
ఇయ్యాల ఎవరింట్ల ఏ రంగో.

అయితే ఒకటి చెప్పకుంటె పాపం.
మా నాయిన పోయినప్పుడు
సంఘం కార్డు అమ్మ పేరుకు మార్చమన్నరు, మార్చలే.
ఆడోళ్ల పేరు మీద కార్డేందన్నరు.
ఫైలు సంకల పెట్టుకొని
పదిహేడు మంది విధవల కోసం ఆఫీసుల చుట్టు తిరిగింది
ఈ సారంగపాణే.
ఆ నూలు మీదనే మా చెల్లె నర్సు చదివింది.
ఈ ఫారంల దానికి గడి లేదు.
మోరికి కూడ లేదు.

మొన్న తానే వచ్చిండు, పీఏ లేకుండ.
పోయినసారి ఓడిండు గదా.
ఏ పార్టీ అని అడిగితే
'సాయంత్రానికి తెలుస్తది, అది ఖాళీ ఉంచు' అన్నడు.
ఆస్తులు కొట్టిన, రెండు పేజీలైనయి.
అప్పులు కొట్టిన.
వృత్తి అన్న గడి కాడ
కర్సరు మిణుకు మిణుకుమంటున్నది.

ఆయన తన వేళ్ల దిక్కు చూసుకుంటున్నడు,
ఎవరో ఇచ్చి మర్చిపోయిన వస్తువుల్లెక్క.

'ఏం రాయాలె సారూ?'
'మొదటిసారి రాసిందే రాయి. రెండక్షరాలే గదా.'

కొట్టిన.
ఏ నేత అని అడగటానికి
నరహరి సారు లేడు.
ఆయన కొడుకు తల ఎత్తకుండ ముద్ర గుద్దిండు.
'నాకు తెలిసినంత మేరకు, నమ్మినంత మేరకు నిజం'
అన్న మాట ఎవరు కొట్టకున్న
ఫారం అడుగున ముందే అచ్చై ఉంటది.
దాని కింద సంతకం చేసిండు.

ఐదువందలిచ్చి లేచిండు.
నూటయాభై తీసుకొని
మిగతాది చేతిల పెట్టిన.
వద్దనలే. లెక్కపెట్టుకున్నడు.